పైగదిలో పీసీ, కింద హాల్లో టీవీ: బాపు కోసం బండిని కిందికి దించిన పద్ధతి

మా బాపు 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు. రిటైరైన రెండేళ్లకు మోకాళ్లు అరిగాయి. హనుమకొండలో మా ఇంటికి పద్దెనిమిది మెట్లు. అవెక్కి నా గదికి రావాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. నా గేమింగ్ పీసీ ఉన్నది ఆ పైగదిలోనే.

పోయిన ఎండాకాలం ఒకరోజు ఏదో పనిమీద పైకొచ్చి, నేను యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఆడుతుంటే వెనక నిలబడ్డాడు. చెక్ దేశపు ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ 2012లో తెచ్చిన ఆట అది. యూరప్ రోడ్ల మీద లారీలో సరుకు చేరవేయడమే అందులో పని. బాపు పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇండికేటర్ ఎయ్యకుంట మలిపినవ్ బిడ్డా" అన్నాడు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఈ బండిని కింద హాల్లో 43 అంగుళాల టీవీ మీదికి తేవాలని.

పీసీనే కిందికి మోయొచ్చు కదా అని అమ్మ అడిగింది. పగలు నా ఆఫీసు పని మొత్తం దాని మీదే. మెట్ల మీదుగా హెచ్‌డీఎంఐ కేబుల్ లాగుదామంటే, మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ అంత దూరం నమ్మకంగా పనిచేయదు. పైగా బొమ్మ కిందికి వచ్చినా, కంట్రోలర్ బ్లూటూత్ పైన ఉన్న పీసీ దాకా అందదు. మిగిలిన దారి ఒక్కటే: ఆట పైన పీసీలో నడవాలి, బొమ్మ ఇంటి నెట్‌వర్క్ మీదుగా టీవీకి రావాలి, బటన్ నొక్కుళ్లు అదే దారిన తిరిగి పైకి వెళ్లాలి.

మొదటి సాయంత్రం అన్నీ ఇన్‌స్టాల్ చేసి కంట్రోలర్ బాపు చేతికిచ్చాను. బొమ్మ బాగానే వచ్చింది. రెండు మలుపులు తిప్పి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని అన్నాడు: "స్టీరింగ్ల ప్లే మస్తున్నది బిడ్డా. నేను తిప్పినంక జరసేపటికి తిరుగుతాంది."

పాత బస్సుల్లో స్టీరింగ్ కొంత తిప్పేదాకా చక్రాలు కదలవు. ఆ ఖాళీని డ్రైవర్లు ప్లే అంటారు. గేమర్లు లాగ్ అనే ఆలస్యం కూడా చేతికి ఇలాగే తెలుస్తుంది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ మాటే స్థిరపడింది. ఈ వ్యాసమంతా ఆ ప్లే తీసేయడం గురించే, ఎందుకంటే యాప్ ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. ప్లే తీయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ప్లే ఎక్కడెక్కడ పుడుతుంది

ఆట తెర మీద సెకనుకు 60 బొమ్మలు (ఫ్రేములు) వేస్తుందంటే, ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. 1080పీ బొమ్మను ఏమీ కుదించకుండా పంపితే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. ఇంటి వైఫై అంత మోయలేదు. అందుకే గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమునూ అక్కడికక్కడే వీడియోగా కుదిస్తుంది. 3 గిగాబిట్లు 20 మెగాబిట్లయి బయల్దేరతాయి, అంటే నూట యాభయ్యో వంతు. అది రౌటర్ మీదుగా టీవీకి చేరుతుంది. టీవీలోని చిప్ దాన్ని విప్పి తెర మీద వేస్తుంది. కుదింపు, ప్రయాణం, విప్పడం, తెర మీద వేయడం: నాలుగు చోట్లా కొంత కొంత ఆలస్యం చేరుతుంది. దేంట్లో ఎంత పోతోందో తెలియకుండా సెట్టింగులు మారుస్తూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. నేను మొదటి వారమంతా చేసింది అదే.

ఇంకో మాట. ఇందులో ఇంటర్నెట్ స్పీడుతో పనిలేదు. బొమ్మ ఇల్లు దాటి బయటికి పోదు. వానాకాలంలో మా వీధిలో ఫైబర్ తెగి రెండు రోజులు నెట్ లేకపోయినా బాపు బండి ఆగలేదు. కాబట్టి ప్లే ఉందని ఎక్కువ స్పీడు ప్లాను తీసుకోకండి, డబ్బు దండగ.

వైర్‌లెస్‌కు కావాల్సిన ఒక్క వైరు

మా రౌటర్ కింద హాల్లో, టీవీకి మూడు మీటర్ల దూరంలో ఉంది. మొదట్లో పైన పీసీ యూఎస్‌బీ వైఫై డాంగిల్‌తో దానికి కలిసేది. టీవీ కూడా వైఫైతోనే. అంటే ప్రతి ఫ్రేమూ గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి: పైనుంచి స్లాబు దాటి రౌటర్‌కు, రౌటర్ నుంచి టీవీకి. వైఫైలో ఒక చానల్ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. పీసీ పంపుతున్నంతసేపూ టీవీ వంతు రాదు. ఒకే వీడియో గాలిని రెండింతలు వాడుకుంటుంది. దానికి తోడు మధ్యలో ఇనుప చువ్వలున్న స్లాబు, తొమ్మిది అంగుళాల గోడ. 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్‌కు అవి పెద్ద అడ్డంకి.

ఆ దశలో నేను చేసిన తప్పు, గ్రాఫిక్స్ కార్డు సరిపోవడం లేదనుకుని ఆటలో క్వాలిటీ తగ్గిస్తూ పోవడం. బొమ్మ పాడైంది, ప్లే అలాగే ఉంది. చివరికి రౌటర్ నుంచి పీసీకి లాన్ కేబుల్ లాగించాను. మెట్ల పక్క గోడకు పీవీసీ పట్టీలు కొట్టి, అందులోంచి 18 మీటర్ల క్యాట్ 6 కేబుల్ పైకి తెచ్చాం. ఆ రాత్రి బాపు మళ్లీ కంట్రోలర్ పట్టుకుని మూడు మలుపులు తిప్పాడు. "ఇప్పుడు టైట్ అయింది" అన్నాడు. నేను సెట్టింగులేవీ ముట్టుకోలేదు.

అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: మీ ఇంట్లో ఒక్క వైరు వేయడానికే వీలుంటే, పీసీకీ రౌటర్‌కూ మధ్య వేయండి. గాలిలో ఒక్క ప్రయాణమే ఉండాలి, అదీ రౌటర్ నుంచి టీవీకి, వీలైతే ఒకే గదిలో. మీ ఇంట్లో రౌటర్ పీసీ గదిలోనే ఉంటే మీ పని తేలిక. రెండింటినీ గజం కేబుల్‌తో కలిపి, టీవీకి 5 గిగాహెర్ట్‌జ్ అందుతుందో లేదో చూసుకుంటే చాలు.

కేబుల్ కొనేటప్పుడు ప్యూర్ కాపర్ కావాలని అడగండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన కేబుల్ కూడా బజారులో తక్కువ ధరకు దొరుకుతుంది, అది త్వరగా విరుగుతుంది. మాకు వైరు వేసిన అబ్బాయి కనెక్టర్ సరిగ్గా నొక్కలేదు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కలవాలి. ఒక జత తగలకపోతే స్పీడు సెకనుకు 1000 మెగాబిట్ల నుంచి 100కు పడిపోతుంది, కానీ నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి మనకు అనుమానం రాదు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఈథర్నెట్‌కు వెళ్లి లింక్ స్పీడ్ చూడండి. 1000 అని ఉండాలి. మాకు 100 అని చూపించింది. కనెక్టర్ కోసి మళ్లీ నొక్కిస్తే సరైంది.

టీవీ వైపు వైఫై 5 గిగాహెర్ట్‌జ్ మీదే ఉండాలి. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్లు రెండింటికీ ఒకే పేరు పెడతాయి, టీవీ ఎప్పుడు దేనికి కలుస్తుందో తెలియదు. రౌటర్ పేజీలోకి వెళ్లి రెండింటికీ వేరే పేర్లు పెట్టి, టీవీని 5కు మాత్రమే కలపండి. 2.4లో పక్కిళ్ల రౌటర్లన్నీ పోటీపడతాయి, మైక్రోవేవ్ కూడా అక్కడే అరుస్తుంది, కంట్రోలర్ బ్లూటూత్ ఉండేదీ అక్కడే. ఇవన్నీ ఒకచోట చేరితే బొమ్మే కాదు, బటన్లు కూడా తడబడతాయి. 5లో చానల్‌ను ఆటోకు వదలకుండా 36 పెట్టాను. ఆటోలో ఉన్నప్పుడు ఆట మధ్యలో చానల్ మారి తెర ఒక్క క్షణం గడ్డకట్టేది.

సన్‌షైన్, మూన్‌లైట్

రెండు దారులున్నాయి. మీ ఆటలన్నీ స్టీమ్‌లోనే (వాల్వ్ కంపెనీ నడిపే ఆన్‌లైన్ ఆటల దుకాణం) ఉంటే స్టీమ్ లింక్ యాప్ చాలు. వాల్వ్ 2015లో ఇదే పేరుతో ఒక చిన్న పెట్టె అమ్మింది, 2018లో ఆపేసింది. ఇప్పుడు ఆ పని యాప్ చేస్తుంది. పీసీలో స్టీమ్ సెట్టింగ్స్‌లో రిమోట్ ప్లే ఆన్ చేయండి. టీవీలో స్టీమ్ లింక్ తెరిస్తే పీసీ కనిపిస్తుంది. టీవీ చూపించిన నాలుగంకెల కోడ్ పీసీలో కొట్టండి. అంతే.

నేను మాత్రం రెండో దారికి, మూన్‌లైట్ అనే యాప్‌కు మారాను. కారణం: ఆలస్యం ఎక్కడ పుడుతోందో అంకెల్లో విడివిడిగా చూపిస్తుంది. స్టీమ్ బయటి ఆటలూ, మొత్తం డెస్క్‌టాపూ అందులో వస్తాయి. మూన్‌లైట్ టీవీలో ఉంటుంది, దానికి బొమ్మ పంపే సన్‌షైన్ పీసీలో ఉంటుంది. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. ఒకప్పుడు మూన్‌లైట్‌కు బొమ్మ పంపడానికి, గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా వారి గేమ్‌స్ట్రీమ్ కావాల్సివచ్చేది. 2023లో ఎన్‌విడియా దాన్ని ఎత్తేసింది. సన్‌షైన్ ఎన్‌విడియాతో పాటు ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్‌తో కూడా పనిచేస్తుంది, కాబట్టి మనకు నష్టమేమీ లేదు.

సన్‌షైన్‌ను దాన్ని తయారుచేసే లిజర్డ్‌బైట్ వారి గిట్‌హబ్ పేజీ నుంచే తెచ్చుకోండి, వేరే డౌన్‌లోడ్ సైట్లు వద్దు. ఇన్‌స్టాల్ అయ్యాక గడియారం పక్కన చిన్న గుర్తు వస్తుంది. దాని మీద నొక్కి ఓపెన్ అంటే బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది. ఈ సైట్ సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఆ పేజీ మీ పీసీలోంచే వస్తోంది, కాబట్టి ముందుకు వెళ్లొచ్చు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ అయితే మూన్‌లైట్ ప్లే స్టోర్‌లో దొరుకుతుంది, ఆపిల్ టీవీకి యాప్ స్టోర్‌లో ఉంది. మూన్‌లైట్ తెరిచి మీ పీసీ బొమ్మ మీద నొక్కితే నాలుగంకెల పిన్ చూపిస్తుంది. ఆ పిన్‌ను సన్‌షైన్ పేజీలో పిన్ అనే చోట కొట్టాలి.

పీసీ అసలు కనిపించకపోతే రెండు చూడండి. విండోస్‌లో మీ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్‌కు మార్చండి. టీవీ పొరపాటున గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి, అందులో ఉన్న పరికరాలకు ఇంట్లోని మిగతావి కనిపించవు.

మూన్‌లైట్ సెట్టింగుల్లో 1080పీ, 60 ఫ్రేములు పెట్టండి. దానికి యాప్ తనంతట తానే 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు) పెడుతుంది. నేను 30కి పెంచాను. చీకటి రోడ్డు మీద హెడ్‌లైట్ల వెలుగు ముక్కలు ముక్కలుగా కనిపించడం తగ్గింది. టీవీ 4కే అయినా 4కే ఎంచుకోవద్దనే చెబుతాను. 60 ఫ్రేములకు యాప్ 80 ఎంబీపీఎస్ అడుగుతుంది, పీసీ మీద భారం పెరుగుతుంది, టీవీ చిప్‌కు విప్పే పని పెరుగుతుంది. పైగా చాలా ఆటల్లో అక్షరాలు చిన్నవవుతాయి. సోఫాలో ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్న అరవై ఏళ్ల మనిషికి డాష్‌బోర్డు మీద అంకెలు కనబడడం ముఖ్యం.

టీవీ దాచుకున్న ప్లే

నెట్‌వర్క్ బాగుపడ్డాక కూడా బాపు అంతటితో ఒప్పుకోలేదు. "రోడ్డు మీద మంచిగనే ఉన్నది. రివర్స్‌ల ఇంక జర ఉన్నది" అన్నాడు. ట్రాలీని వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగ్‌ను చిన్న చిన్నగా సరిదిద్దుకుంటూ ఉండాలి. ఆలస్యం బయటపడేది అక్కడే.

మూన్‌లైట్ సెట్టింగుల్లో పర్ఫార్మెన్స్ స్టాట్స్ చూపించమనే టిక్కు ఉంది. పెడితే ఆట మీద మూలన అంకెలు వస్తాయి. మూడు అంకెలు చూస్తే చాలు. నెట్‌వర్క్ లేటెన్సీ, అంటే దారిలో అయ్యే ఆలస్యం: మాకు 3, 4 మిల్లీసెకన్లు. ఇది పైకీ కిందికీ ఎగిరిపడుతుంటే తప్పు వైఫైది. హోస్ట్ ప్రాసెసింగ్: ఇది పెద్దగా ఉంటే పీసీ మీద ఆట భారం ఎక్కువైందని అర్థం. అప్పుడు ఆటలోనే ఫ్రేములను 60కి కట్టేయండి, ఎన్‌కోడర్‌కు ఊపిరాడుతుంది. డీకోడింగ్ టైమ్: ఇది టీవీ చిప్‌ది. 16 దాటిందంటే ఒక ఫ్రేము విప్పేలోపే ఇంకోటి వచ్చి పడుతోందని అర్థం. మా టీవీలో ఇది 20 పైన ఉంది. కోడెక్‌ను, అంటే వీడియోను కుదించే పద్ధతిని, హెచ్‌ఈవీసీ నుంచి హెచ్.264కు మార్చి చూశాను, పెద్ద తేడా రాలేదు. మీ టీవీలో రావచ్చు, రెండూ పెట్టి చూడండి.

ఇక ఆ అంకెల్లో ఎక్కడా కనిపించనిది ఒకటుంది: విప్పిన బొమ్మకు టీవీ చేసే సింగారం. రంగులు పెంచడం, మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి కదలికను నున్నగా చేయడం. సినిమాకు అవి పనికొస్తాయేమో, ఆటకు మాత్రం కీడే. దీనివల్ల వంద మిల్లీసెకన్లు దాటే టీవీలు కూడా ఉన్నాయి. గేమ్ మోడ్ పెడితే ఇదంతా ఆగుతుంది. కానీ చాలా టీవీల్లో గేమ్ మోడ్ హెచ్‌డీఎంఐ పోర్టుకే వర్తిస్తుంది, టీవీ లోపలి యాప్‌లకు కాదు. ఈ సంగతి తెలియడానికి నాకు వారం పట్టింది. లోపలి యాప్‌తోనే ఆడేవాళ్లు పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ పేరుతో ఉన్నవన్నీ ఆపేయండి.

నేను చివరికి ఒక చిన్న గూగుల్ టీవీ పెట్టె కొని హెచ్‌డీఎంఐలో పెట్టి, ఆ పోర్టుకు గేమ్ మోడ్ వేశాను. డీకోడింగ్ టైమ్ 20 పైనుంచి 6కు వచ్చింది. టీవీ సింగారం కూడా పోయింది. మొత్తం ఖర్చులో వైరు తర్వాత నాకు సంతృప్తినిచ్చింది ఇదే. కొనే ముందు మీ టీవీ లోపలి యాప్‌తో రెండు రోజులు ఆడి చూసుకోండి. కొత్త టీవీల్లో అవసరం పడకపోవచ్చు.

బాపు చేతికి అందేలా

కంట్రోలర్‌ను పీసీకి కాదు, టీవీకో పెట్టెకో బ్లూటూత్‌లో కలపాలి. ప్లేస్టేషన్ 4 కంట్రోలరైతే షేర్, పీఎస్ బటన్లు కలిపి నొక్కి పట్టండి, లైటు గబగబా కొట్టుకున్నాక టీవీ బ్లూటూత్ జాబితాలో కనిపిస్తుంది. 2013 నాటి మొదటి ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లకు బ్లూటూత్ లేదు, సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే చూసుకోండి. మూన్‌లైట్‌లో స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే కంట్రోలర్ మౌస్‌లా మారుతుంది. తెర మీద ఏదైనా విండో అడ్డొస్తే మూసేయడానికి అది చాలు. స్టీరింగ్ వీల్ పెడదామా అని బాపు అడిగాడు. మూన్‌లైట్ గేమ్‌ప్యాడ్లనే పంపుతుంది, వీల్‌ను కాదు. ఎడమ స్టిక్‌తో మలపడం, కుడి ట్రిగ్గర్‌తో యాక్సిలరేటర్, ఎడమ ట్రిగ్గర్‌తో బ్రేకు. ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత పలుకుతుంది కాబట్టి బ్రేకు మీద ఆయనకు పట్టు దొరికింది.

నేను ఆఫీసు పని ముగించి బయటికెళ్లినా ఆయన ఆడుకోవాలి, మెట్లెక్కకూడదు. దానికోసం పీసీ బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల పేజీ) వేక్ ఆన్ లాన్ ఆన్ చేశాను. నిద్రలో ఉన్న పీసీని మూన్‌లైట్ టీవీ నుంచే లేపుతుంది. ఇది కూడా లాన్ వైరుంటేనే నమ్మకంగా పనిచేస్తుంది. లేచాక పాస్‌వర్డ్ అడిగితే కీబోర్డు లేని మనిషి ఏం చేస్తాడు? విండోస్ సైన్ ఇన్ ఆప్షన్లలో, నిద్రలేచాక పాస్‌వర్డ్ అడగొద్దని పెట్టాను. మా ఇంట్లో అది పర్వాలేదు, హాస్టల్లోనో షేరింగ్ రూములోనో ఉన్నవాళ్లు పెట్టకండి. ఇంకొకటి, మానిటర్ స్విచ్ పూర్తిగా కట్టేస్తే కొన్ని పీసీల్లో సన్‌షైన్‌కు తెర దొరకదు, నల్లగా వస్తుంది. అలా జరిగితే, మానిటర్ ఉన్నట్టే పీసీని నమ్మించే డమ్మీ హెచ్‌డీఎంఐ ప్లగ్ అడిగి తెచ్చి గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి.

చివరగా, స్టీమ్ తెరలు దాటుకుని ఆటను వెతుక్కునే అవసరం లేకుండా, దానికి డెస్క్‌టాప్ షార్ట్‌కట్ చేశాను. దాని ప్రాపర్టీస్‌లో ఉన్న యూఆర్ఎల్‌ను కాపీ చేసి, సన్‌షైన్ పేజీలో అప్లికేషన్స్‌లో కొత్తది చేర్చి, డిటాచ్డ్ కమాండ్స్ దగ్గర పెట్టాను. ఇప్పుడు మూన్‌లైట్ తెరవగానే ఆ ఆటకు విడిగా ఒక బొమ్మ ఉంటుంది. బాపు నొక్కేది అదొక్కటే.

ఆటలో సొంత గ్యారేజీ ఏ ఊళ్లో పెట్టుకుంటావని అడిగితే, బ్రిటన్‌లో పెట్టాను ఆయన కోసం. అక్కడ మనలాగే ఎడమవైపు నడపాలి. సరుకు దించేచోట ట్రాలీని ఎలా పెడతావని ఆట అడుగుతుంది: వదిలేయొచ్చు, సులువైన చోట పెట్టొచ్చు, కష్టమైన చోట రివర్స్‌లో పెట్టొచ్చు. బాపు ఎప్పుడూ మూడోదే నొక్కుతాడు. కొత్త పెట్టె పెట్టిన రాత్రి గ్లాస్గోలో రెండు కంటైనర్ల మధ్య సందులోకి ట్రాలీని ఒక్క దెబ్బకు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నా వైపు తిరిగాడు.

"ప్లే లేదు" అన్నాడు. "ఇంకో ట్రిప్పు ఎయ్యి."